తడిచేతికి తెరుచుకునే చాకు

నేను ఉద్యోగం నుంచి దిగిపోయిన రోజున అమలాపురంలో మా ఆసుపత్రి వరండాలో చిన్న సభ పెట్టారు. శాలువా కప్పారు, గోడ గడియారం ఇచ్చారు, నేను చేయని మంచి పనులు కూడా చేసినట్టు పొగిడారు. చివర్లో, కొత్తగా పశుసంవర్ధక శాఖలో చేరిన ఒకమ్మాయి లేచి నిలబడింది. "మేడమ్, మేము మా సొంతానికి ఒక్క వస్తువు కొనుక్కోవాలంటే ఏం కొనుక్కోమంటారండీ?" అని అడిగింది.

"అరచేతిలో ఇమిడే మడత చాకు" అన్నాను.

అందరూ నవ్వారు. ముప్పై మూడేళ్లు పశువుల డాక్టరుగా చేసిన మనిషి స్టెతస్కోపనో, మంచి బూట్లనో, ఓపికనో చెబుతుందనుకున్నారు కాబోలు. నేను నవ్వలేదు. ఆ అమ్మాయి మాత్రం నా మొహం చూసి నవ్వు ఆపేసి, "ఎలాంటిదండీ?" అంది. సభలో చెప్పేంత చిన్న జవాబు కాదది. అందుకే ఇలా రాస్తున్నాను.

ముందే చెబుతున్నాను, నాకు చాకుల శాస్త్రం తెలియదు. ఉక్కులో రకాల పేర్లు అడిగితే తెల్లమొహం వేస్తాను. ఎన్నో కొన్నాను, కొన్ని పారేసుకున్నాను, ఒకటి విరగ్గొట్టాను. ఒక చాకు వల్ల ఒక గేదె చచ్చిపోయింది, ఇంకో చాకు వల్ల ఒక గేదె బతికింది. ఆ రెండు గేదెలూ ఒకే ఇంటివి. నాకు తెలిసిందంతా ఆ రెంటి మధ్యలోనే ఉంది.

గేదెకి సోడా

మన పనిలో చాకు ఆపరేషన్లకి కాదు. దానికి వేరే పరికరాలున్నాయి, వాటిని వేడినీళ్లలో మరగబెట్టుకుంటాం. చాకు మిగతా రోజంతటికీ. మందుల పెట్టె మీద బిగించిన ప్లాస్టిక్ పట్టీ కోయాలి. ఆవు సగం మింగి సగం బయట వేలాడేసుకున్న పాలిథిన్ సంచిని కత్తిరించాలి. రొయ్యల చెరువు మీద పక్షుల కోసం కట్టిన నైలాన్ వల దూడ కాలికి చుట్టుకుపోతే, చర్మం తెగకుండా వల ఒక్కటే తెంపాలి. అన్నిటికంటే ఎక్కువగా, బిగుసుకుపోయిన పలుపు తాడు కోయాలి.

కోనసీమలో కత్తికేం కరువండీ, ప్రతి ఇంట్లోనూ కొబ్బరి కత్తి ఉంటుంది కదా అంటారు. ఉంటుంది. మూరెడు కత్తి పట్టుకుని బెదిరిన గేదె మెడ దగ్గరికి వెళ్లి చూడండి. గేదె కంటే ముందు దాని యజమాని బెదిరిపోతాడు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో రాజమండ్రి వెళ్లి నేను కొన్న మొదటి చాకుకి పదకొండు రేకులున్నాయి. కత్తెర, రంపం, స్క్రూడ్రైవరు, సీసా మూత తీసేది, ఏమిటో నాకే తెలియనివి రెండు. మా ఆసుపత్రిలో కాంపౌండరు సూర్యనారాయణ గారని ఉండేవారు. నేను పుట్టేటప్పటికే ఆయన సర్వీసులో ఉన్నారని నా అనుమానం. చాకు చూపిస్తే కళ్లజోడు పైకెత్తి ఒక్కొక్క రేకే లాగి చూశారు.

"బావుందండి డాక్టరు గారూ. ఈ మూత తీసేదెందుకండీ? గేదెలకి సోడా పట్టిస్తారేటండీ?"

నాకు ఒళ్లు మండింది. వారం తిరక్కుండానే ఒక ఎద్దు ముక్కుతాడు కోయబోయి ఆ పదకొండు రేకుల్లో అసలు రేకు ఏదో వెతుక్కుంటూ ఉండగా నా గోరు విరిగింది, ఎద్దు తల విసిరింది, చాకు పేడలో పడింది. సూర్యనారాయణ గారు తన రొంటిని దోపుకున్న పాత చాకు తీసి తాడు కోసేశారు. ఒకటే రేకు దానికి. తర్వాత చెయ్యి కడుక్కుంటూ, "పని ఒకటైతే రేకు ఒకటి చాలండి" అన్నారు. ఇది మొదటి పాఠం. దీనికి గోరు తప్ప ఏమీ పోలేదు.

మూడో మెట్టు

రెండో చాకు అందంగా ఉండేది. సన్నగా, పిడితో సహా మొత్తం ఉక్కు, అద్దంలా మెరిసేది. చీరకట్టు మీద బొడ్లో దోపుకుంటే ఉన్నట్టే తెలిసేది కాదు. దాన్ని చూసి మురిసిపోయాను కూడా.

కొత్తపేట వైపు ఒక లంక గ్రామం. ఊరి పేరు రాయను. ఆ రోజు టీకాలు వేస్తున్నాం. పొద్దున్న పది గంటలప్పుడు కాలవ వైపు నుంచి అరుపులు వినిపించి పరుగెత్తాను. నాగమణి అనే ఆవిడ గేదె నీళ్లలోకి దిగింది. మెడలో పలుపు అలాగే ఉంది, పొడవాటి నైలాన్ తాడు. పడవలు కట్టుకునే పాత గుంజ ఒకటి నీళ్లలో మునిగి ఉంటే దాని చుట్టూ తిరిగింది. తిరిగిన కొద్దీ తాడు పొట్టిదైపోతోంది, తల నీళ్లలోకి లాగేస్తోంది. నాగమణి భర్త వెంకన్న పీకల్లోతు నీళ్లలో దిగి ఒక చేత్తో గేదె మూతిని పైకెత్తి పట్టుకున్నాడు. ఇంట్లో కత్తి లేదు. ఆ రోజు కొబ్బరి దింపు, కత్తి దింపువాళ్ల దగ్గర తోటలో ఉంది. పక్కింట్లో అడగడానికి నాగమణి పరుగెత్తింది.

గట్టు మీద ఆ గేదె దూడ ఉంది. పుట్టి ఇరవై రోజులు. తల్లి కోసం అరుస్తోంది.

నాకు ఈత రాదు. చుట్టూ నీళ్లున్న చోట పుట్టి ఈత రాదని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. రేవు మెట్లు దిగి మూడో మెట్టు మీద కూర్చుని చాకు తెరిచాను. "వెంకన్నా, చాకు!" అని అరిచాను. ఆయన రెండో చెయ్యి చాచాడు. నా చేతికీ ఆయన చేతికీ మధ్య జానెడు దూరం.

ఇక్కడ నేను చేసిన పని మీకు అర్థం కావాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి. మాది చర్చికి వెళ్లే కుటుంబం. తాతల నాడే శకునాలూ దిష్టులూ వదిలేశామని మా అమ్మమ్మ గర్వంగా చెప్పేది. చెబుతూనే, కూరలు తరిగే కత్తి ఎవరైనా అడిగితే చేతికి ఇచ్చేది కాదు. నేల మీద పెట్టేది, వాళ్లు తీసుకునేవాళ్లు. చేతిలోంచి చేతికి కత్తి ఇస్తే ఇద్దరికీ గొడవలొస్తాయని ఈ నేల మీద ఏ మతం వాళ్లింట్లో అయినా ఇదే అలవాటు. చిన్నప్పుడు ఒకసారి మా అమ్మకి చేతికివ్వబోతే అమ్మమ్మ మణికట్టు మీద ఒక్కటి వేసింది. ఆ దెబ్బ చేతికి గుర్తుండిపోయింది.

వెంకన్న చెయ్యి చాచాడు. నేను చాకుని మెట్టు మీద పెట్టాను.

ఆలోచించి పెట్టలేదు. ఆలోచిస్తే పెట్టేదాన్ని కాదు. చెయ్యే పెట్టేసింది. ఆయన చెయ్యి కూడా మధ్యలో ఆగి, నేను పెట్టేదాకా చూసింది. అది కూడా ఆలోచన కాదు. ఇద్దరం కలిసి, గేదె మునిగిపోతుంటే, మర్యాద పాటించాం. మెట్టు నిండా పాచి. నున్నటి ఉక్కు. ఆయన వేళ్లు తగిలీ తగలకముందే చాకు జారి నీళ్లలో పడింది. ఆ నీళ్లు టీ రంగులో ఉన్నాయి. ఆయన మునిగి ఒక చేత్తో అడుగంతా తడిమాడు. నేను మోకాళ్ల మీద పడి మెట్లన్నీ తడిమాను.

నాగమణి పక్కింటి కత్తి పట్టుకుని వచ్చేటప్పటికి వెంకన్న చెయ్యి కింద మూతి కదలడం మానేసింది.

జారిందా, పెట్టానా

నాగమణి ఏడవలేదు. దూడ దగ్గరికి వెళ్లి దాని మెడ చుట్టూ చెయ్యి వేసి కూర్చుంది. వెళ్లేటప్పుడు నేనేదో చెప్పబోతే ఒకటే మాట అంది. "డాక్టరమ్మ గారూ, మీరు రండి, టీకాలెయ్యండి. ఆ చాకులున్న సంచీ మాత్రం మా దొడ్లోకి తేకండి."

"ఆయ్" అన్నాను.

ఆ తర్వాత వాళ్లింటికి ఎప్పుడు వెళ్లినా నా సంచీ గేటు పక్కన గోడ మీద పెట్టి, సిరంజి ఒక్కటే పట్టుకుని లోపలికి వెళ్లేదాన్ని. వాళ్లు నాకు మంచినీళ్లిచ్చేవారు, కుర్చీ వేసేవారు. ఒక్క మాట కూడా పరుషంగా అనేవారు కాదు. గోదావరి వాళ్ల మర్యాద అలాగే ఉంటుంది. మీ మీద కోపం ఉందని చెప్పరు, కాఫీ ఇస్తారు.

తల్లి లేని దూడని బతికించడం మామూలు పని కాదు. నాగమణి పక్కింటి గేదె పాలు సీసాతో పట్టి దాన్ని పెంచింది. నేను వారానికోసారి వెళ్లి చూసేదాన్ని. నా తప్పు మోయడానికి నాకు అంతకంటే దారి దొరకలేదు.

ఏడాది పాటు ఎవరు అడిగినా, "చాకు జారిపోయిందండీ, పాచి మెట్టు" అనేదాన్ని. ఒక మధ్యాహ్నం ఆసుపత్రిలో సూర్యనారాయణ గారు సీసాలు తుడుస్తూ ఉండగా కొత్తగా బదిలీ మీద వచ్చిన ఒకాయనకి ఇదే చెప్పాను. ఆయన వెళ్లిపోయాక సూర్యనారాయణ గారు సీసా కింద పెట్టి నా వైపు తిరిగారు.

"చాకు జారలేదండి డాక్టరు గారూ. మీరు పెట్టేరు. వెంకన్న చెప్పేడండి."

చెంప మీద కొట్టినట్టయింది. లేచి బయటికి వెళ్లిపోయాను. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజు నేనే వెళ్లి, "అవునండీ, పెట్టాను" అన్నాను. "ఆయ్" అని తలూపి, "మరి ఈసారి ఎలాంటిది కొంటారండీ?" అని అడిగారు. నా జీవితంలో నాకు దొరికిన మంచి బాసు ఎవరంటే ఈయనే. కాగితాల మీద మాత్రం ఆయనకి నేను బాసుని.

కొనేటప్పుడు చూడాల్సినవి

ఈసారి తొందరపడలేదు. మధ్యలో నాలుగేళ్లు ఉప్పలగుప్తం వైపు బదిలీ అయ్యాను. అక్కడ సముద్రపు గాలి. పదును బాగుంటుందని ఎవరో చెబితే మామూలు ఇనుప రేకు చాకు ఒకటి వాడాను. నిజంగానే గడ్డం గీసుకునేంత పదును. వర్షాకాలం పది రోజులు సంచీలో ఉంచేసరికి ఎర్రగా తుప్పు పట్టి మడతలోనే బిగుసుకుపోయింది. తుప్పు పట్టని ఉక్కే కొనుక్కోండి. పదును కాస్త తక్కువైతే తక్కువ, వారానికోసారి సానరాయి మీద రెండు నిమిషాలు రుద్దుకుంటే సరి. రంపపు పళ్లున్న రేకు నైలాన్ తాడుని ఇట్టే కోస్తుంది కానీ పళ్లు అరిగాక మన ఊళ్లో సానబెట్టేవాళ్లుండరు. నేను తిన్నటి అంచుకే ఓటు వేస్తాను.

రేకు మీ చూపుడు వేలి కంటే పొడవుండక్కర్లేదు. పొడవు ఎక్కువైన కొద్దీ రేకు కొస తాడు అవతలున్న చర్మానికి దగ్గరవుతుంది. మొన కూడా సూదిగా వద్దు. ఒక పెయ్య తల విదిలించినప్పుడు మొన దాని దవడకి దిగి నేనే మూడు కుట్లు వేశాను. ఆ రైతు, "తాడు కొయ్యమంటే పెయ్యని కోసేరేటండీ" అన్నాడు. తప్పు నాదే కాబట్టి నోరు మూసుకుని కుట్లు వేశాను. అప్పట్నుంచీ మొన మొద్దుగా ఉన్నవే కొన్నాను.

తెరిచాక రేకు బిగుసుకుని నిలబడే తాళం ఉండాలి. లేకపోతే అది మీ వేళ్ల మీదే మూసుకుంటుంది. ఆ తాళాన్ని నొక్కి మూసేటప్పుడు బొటనవేలు రేకు దారిలో ఉంచకండి. నా ఎడమ బొటనవేలి మీద గీత అలా వచ్చిందే. పిడి గరుకుగా ఉండాలి, నున్నగా మెరిసేది అసలు వద్దు. రంగు ఎంత వెగటుగా ఉంటే అంత మంచిది. నాది నారింజ రంగు. గడ్డిలో పడినా, పేడలో పడినా, టీ రంగు నీళ్లలో పడినా కనబడాలి. పిడి చివర తాడు కట్టుకునే కన్నం ఉండాలి.

పశువు దగ్గర వాడిన చాకుతో జామకాయ కోసుకుని తినేవాళ్లని చాలామందిని చూశాను. అది ధైర్యం కాదు, బుద్ధిలేనితనం. వాడిన ప్రతిసారీ సబ్బుతో కడిగి స్పిరిట్‌తో తుడవండి. జామకాయకి ఇంట్లో వేరే కత్తి ఉంటుంది. విమానం ఎక్కేటప్పుడు, మీటింగులకి వెళ్లేటప్పుడు సంచీలోంచి తీసి ఇంట్లో పెట్టి వెళ్లండి.

ఆడవాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. పై అధికారి ఒకాయన తనిఖీకి వచ్చి నా నడుముకి చాకు చూసి, "ఏంటమ్మా ఇది, రౌడీలా? ఆడపిల్ల దగ్గర ఉండాల్సిందేనా?" అన్నారు. తీసి సొరుగులో పెట్టాను. గంట తర్వాత ఆయనకి దండ వేశారు. ప్లాస్టిక్ దారంతో గుచ్చిన దండ, ఆయన కళ్లజోడుకీ చొక్కా గుండీకీ కలిపి చిక్కుకుపోయింది. లాగిన కొద్దీ బిగుస్తోంది. అందరూ చుట్టూ మూగారు కానీ ఎవరి దగ్గరా ఏమీ లేదు. ఆయన దండలోంచి సన్నగా, "ఇందాక ఆ చాకు..." అన్నారు. సొరుగు తెరిచి తెచ్చి దారం కోశాను. ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. ఎవరేమన్నా మీరు ఉంచుకోండి.

మూసిన చాకు

పై వాటిలో సగం ఏ దుకాణంలో అడిగినా చెబుతారు. ఇప్పుడు చెప్పేది మాత్రం నేను డబ్బిచ్చి కాదు, గేదెనిచ్చి నేర్చుకున్నది.

చాకు మీరు వాడేదే కాదు. అవసరం వచ్చినప్పుడు అది సాధారణంగా ఇంకొకరి చేతికి వెళుతుంది. మీరు పశువుని పట్టుకుని ఉంటారు, లేదా పశువుని వాళ్లు పట్టుకుని ఉంటారు, మీరు అందనంత దూరంలో ఉంటారు. కాబట్టి చాకు చేతికి ఇవ్వగలగాలి. మన వాళ్లు తీసుకోరు. ఎంత చెప్పినా తీసుకోరు. నేను చాలామంది మీద ప్రయత్నించాను. "పెట్టండి, తీసుకుంటాను" అంటారు. వాదించడానికి అది సమయం కాదు.

ఒకరోజు ఆసుపత్రి వరండాలో అనుకోకుండా, తెరవని చాకుని ఒక ముసలాయనకి అందించాను. చేతిలోంచి చేతిలోకి. ఆయన మామూలుగా తీసుకున్నాడు! నాకు నమ్మబుద్ధి కాలేదు. ఇంకో ఇద్దరికి ఇచ్చి చూశాను, వాళ్లూ తీసుకున్నారు. మడిచి ఉన్నంతసేపూ అది వాళ్ల కళ్లకి కత్తి కాదు, ఏదో డబ్బీ లాంటిది. రేకు బయటికి వస్తేనే కత్తి. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పుడు చెబితే పిచ్చిదానిలా కనిపిస్తాను. వరండాలోనే గట్టిగా నవ్వాను.

అంటే నాకు కావలసింది, మూసి ఇస్తే, తీసుకున్నవాళ్లు ఒక్క చేత్తో, తడిచేత్తో, ఎవరూ నేర్పకుండా తెరవగలిగే చాకు. అప్పటికి సూర్యనారాయణ గారు రిటైరై రాజోలులో ఉంటున్నారు. ఆయన్ని వెంటబెట్టుకుని రాజమండ్రి వెళ్లాను. దుకాణంలో చాకులన్నీ బల్ల మీద పరిపించి, దుకాణం ఆయన భార్యని పిలిచి, "అమ్మా, చెయ్యి నీళ్లలో ముంచి ఇవి ఒక్కొక్కటీ తెరవండి, ఎలాగో నేను చెప్పను" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. సూర్యనారాయణ గారు మాత్రం, "డాక్టరు గారు చెప్పినట్టు చెయ్యండమ్మా, పరీక్షండి" అన్నారు, నవ్వు ఆపుకుంటూ.

గోరుతో లాగాల్సినవి ఒక్కటీ తెరుచుకోలేదు. మీట నొక్కితే ఎగిరి తెరుచుకునేది ఒకటి ఆవిడని కెవ్వుమనిపించింది. రేకు వీపున పెద్ద గుండ్రటి కన్నం ఉన్నది ఒకటుంది, నారింజ రంగుది. ఆవిడ బొటనవేలు వెతుక్కోకుండానే ఆ కన్నంలో పడింది, తోసింది, టక్‌మని నిలబడింది. "ఇదేముందండీ" అంది.

"ఇదే" అన్నాను.

కుడితి తొట్టి అంచు

మళ్లీ కొత్తపేట వైపు వచ్చిన రెండో ఏడు గోదావరికి పెద్ద వరద. ముందురోజే లంకల్లో పశువుల్ని ఏటిగట్టు మీదికి తోలించాం. మధ్యాహ్నం పడవ మీద చివరి చుట్టు తిరుగుతుంటే నాగమణి ఇంటి వైపు నుంచి కేక వినపడింది.

వెంకన్న మిగతా పశువులతో గట్టు మీద ఉన్నాడు. ఒక్క గేదె ఎంతకీ కదల్లేదట. చూడి గేదె, నెలలు నిండాయి. దాన్ని వదిలి రానని నాగమణి ఉండిపోయింది. తెల్లారేసరికి పోతుందనుకున్న నీరు పోలేదు, పెరిగింది. పాక లోపల నాగమణి గుండెల్లోతు నీళ్లలో నిలబడి గేదె తల పైకెత్తి పట్టుకుంది. పలుపు కట్టిన గుంజ నీళ్లలో ఉంది. ముడి నాని బిగుసుకుపోయింది. నీరు పెరిగిన కొద్దీ తాడు తలని కిందికి లాగుతోంది. కత్తి ఎక్కడో ఇంట్లో నీళ్ల కింద.

ఆ గేదె, తల్లి పోయిన ఆ దూడే. సీసా పాలతో పెరిగింది.

పాక గుమ్మం సన్నం, పడవ లోపలికి దూరలేదు. నేను పడవ ముక్కు మీద బోర్లా పడుకుని చాకు పట్టుకుని చెయ్యి లోపలికి చాచాను. నాగమణి ఒక చేత్తో గేదె మూతి పట్టుకుని రెండో చెయ్యి చాచింది. అదే గేదె కాదు, అదే కాలవ కాదు, కానీ ఆ జానెడు దూరం అదే.

ఇన్నేళ్లుగా ఎందరికో మూసిన చాకు చేతికిచ్చాను. ఆ క్షణంలో మాత్రం, ఈవిడ నా చాకు తీసుకోదేమో అనిపించింది. తొమ్మిదేళ్లుగా నా సంచీని గేటు దాటనివ్వని మనిషి. ఆవిడ పక్కనే కుడితి తొట్టి అంచు నీళ్లపైన రెండంగుళాలు కనబడుతోంది, తడిసి, పాచి పట్టి. నా చెయ్యి దానివైపు వెళ్లింది. దేవుడి సాక్షిగా చెబుతున్నాను, మళ్లీ అటే వెళ్లింది.

"అక్కడ పెట్టకండి!" నాగమణి అరిచింది. "చేతికివ్వండి డాక్టరమ్మ గారూ! నా చేతికివ్వండి!"

ఇచ్చాను. ఆవిడ వేళ్లు నా వేళ్లని తాకి చాకు మీద బిగుసుకున్నాయి. ఆ చాకుని ఆవిడ ఎప్పుడూ చూడలేదు. బొటనవేలు కన్నంలో పడింది. టక్‌మన్న చప్పుడు నీళ్ల హోరులో కూడా నాకు వినపడింది. మొద్దు మొనని తాడు కింద మెడకి ఆనించి మూడుసార్లు లాగింది. తాడు తెగింది. గేదె ఒక్కసారి తల విదిలించి, ఇద్దర్నీ తడిపేసి, గుమ్మంలోంచి పడవని ఒరుసుకుంటూ బయటికి ఈదేసింది. పడవ నడిపే ఆయన, "ఏవండోయ్, మనకంటే ముందెళ్లిపోతోందండి!" అని అరిచాడు. నేను పడవ ముక్కు మీద అలాగే పడుకుని ఏడ్చాను. నాగమణిని పైకి లాగాక ఆవిడా ఏడ్చింది. మొదటి గేదెకి కూడా అప్పుడే ఏడ్చిందేమో.

చాకు సంగతి ఇద్దరికీ గుర్తు లేదు. అది ఆవిడ బొడ్లో ఉండిపోయింది.

గేటు దగ్గర సంచీ

వరద తీశాక పది రోజులకి టీకాలకి ఆ ఊరు వెళ్లాను. వరద తర్వాత పశువులకి జబ్బులొస్తాయి, ఒక్క ఇల్లు కూడా వదలకూడదు. నాగమణి ఇంటి గేటు దగ్గర, అలవాటు ప్రకారం సంచీ గోడ మీద పెట్టి సిరంజి తీసుకున్నాను.

లోపల్నుంచి నాగమణి వచ్చింది. "అదేటండీ, సంచీ అక్కడ పెట్టేరు?" అంది. నేను జవాబు చెప్పేలోపే సంచీ తన భుజానికి తగిలించుకుని పాకలోకి నడిచింది. నేను వెనకాల వెళ్లాను.

గేదె ఈనింది. నల్లటి దూడ, ఇంకా కాళ్లు వణుకుతున్నాయి, తల్లి పొదుగు కోసం తప్పు వైపు వెతుకుతోంది. నాగమణి బొడ్లోంచి నారింజ చాకు తీసి, కొత్త తాడు చుట్టలోంచి దూడ మెడకి సరిపడా కొలిచి కోసింది. పొట్టి తాడు. ముడి వేయలేదు, లాగితే ఊడిపోయే మెలిక వేసింది. అది ఎవరు నేర్పారని నేను అడగలేదు.

తర్వాత చాకు నా వైపు చాచింది. మూయడం మర్చిపోయింది. రేకు తెరిచే ఉంది.

ఇద్దరం ఒక్క క్షణం దానివైపు చూశాం. పక్కనే తొట్టి అంచు ఉంది, కడిగి శుభ్రంగా. ఆవిడ దానివైపు చూడలేదు. చాకుని తిప్పి, రేకు వీపు తన వేళ్లలో పట్టుకుని, పిడి నా వైపు పెట్టింది.

"పట్టుకోండి" అంది. పట్టుకున్నాను. ఇద్దరికీ ఇప్పటిదాకా ఏ గొడవా రాలేదు.